నంద్యాల–గిద్దలూరు ఘాట్‌లో లోడు లారీ వెనక పడితే ఏం చేయాలి?

గిద్దలూరు_అమ్మాయి

అందరికీ నమస్తే. నేను నంద్యాలలో ఉద్యోగం చేస్తాను, అమ్మానాన్నలు గిద్దలూరులో ఉంటారు. ఇన్నాళ్ళూ బస్సులోనో రైల్లోనో పోయేదాన్ని. నాలుగు నెలల కిందట కారు కొన్నప్పటినుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం నేనే నడుపుకుంటూ పోతున్నా. గాజులపల్లె దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కణ్ణుంచి నల్లమల ఎక్కడం మొదలయ్యేసరికి టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఎప్పుడు చూసినా ముందు ఒక లోడు లారీ ఉంటుంది. సిమెంటు బస్తాలో, బేతంచెర్ల నాపరాళ్ళో వేసుకుని పదిహేను, ఇరవై స్పీడులో పాకుతూ పోతుంటుంది. దాటుదామంటే అన్నీ మలుపులే.

మొన్న శనివారం జరిగింది చెప్తాను. ముందు లారీ, వెనక నేను, నా వెనక ఇంకో నాలుగు కార్లు. వెనకవాళ్ళు ఆపకుండా హారన్ కొడుతూనే ఉన్నారు. ఇంతలో లారీ డ్రైవర్ కుడి ఇండికేటర్ వేశాడు. నన్ను పొమ్మంటున్నాడనుకుని కారు బయటికి తీశాను. లారీలో సగం దాటానో లేదో మలుపులోంచి బస్సు వచ్చేసింది. బస్సు డ్రైవర్ బ్రేకు తొక్కి ఆపేశాడు, లారీ ఎడమ అంచు దాకా జరిగింది, నేను ఆ సందులోంచి ఎలా బయటపడ్డానో నాకు గుర్తు లేదు. సర్వ నరసింహస్వామి గుడి దగ్గర కారు ఆపి చాలాసేపు కూర్చున్నా, చేతుల వణుకు తగ్గలేదు. వెనక సీట్లో మా ఎనిమిదేళ్ళ పాప ఉంది. "అమ్మా, మనం ఎందుకు అటువైపు పోయాం?" అని అడిగింది.

ఆ కుడి ఇండికేటర్‌కు అర్థం ఏమిటి? లారీకి ఎంత వెనక ఉండాలి? వెనకవాళ్ళు హారన్ కొడుతుంటే ఏం చేయాలి? పాచెర్ల వైపు దిగేటప్పుడు లారీ నా వెనక ఉంటే ఇంకా భయంగా ఉంటుంది, అప్పుడెలా? ఈ దారిలో తిరిగేవాళ్ళు ఎవరైనా సరిగ్గా చెప్పండి. డ్రైవింగ్ స్కూల్లో ఇవేవీ చెప్పలేదు.

---

మహానంది_రోడ్డు

అక్కా, ముందు మీరూ పాపా క్షేమంగా ఉన్నారు, అది చాలు.

కుడి ఇండికేటర్ సంగతి. మన దేశంలో లారీవాళ్ళు దీన్ని రెండు రకాలుగా వాడతారు. కొందరు "ఎదురుగా ఖాళీ, నువ్వు పోవచ్చు" అని వేస్తారు. కొందరు "నేను కుడికి వస్తున్నా, ఆగు" అని వేస్తారు. అసలు రూల్ ప్రకారం కుడి ఇండికేటర్ అంటే కుడికి తిరుగుతున్నానని మాత్రమే అర్థం. ముందున్నవాడు ఏ అర్థంతో వేశాడో మనకు తెలిసే దారి లేదు. అందుకే నేను పన్నెండేళ్ళుగా ఈ రోడ్డు మీద ఒకటే పాటిస్తున్నా. లారీ ఇండికేటర్ చూసి బయటికి తీయను, నా కళ్ళకు రోడ్డు కనిపిస్తేనే తీస్తా.

ఎంత రోడ్డు కనిపించాలి అనేదానికి ఒకసారి కాగితం మీద లెక్క వేసుకున్నా. లారీ 20లో పోతోంది, మనం 40లో దాటుతున్నాం అనుకోండి. లారీకి పదిహేను మీటర్ల వెనక నుంచి బయలుదేరి, పది మీటర్ల లారీని దాటి, దాని ముందు ఇంకో పదిహేను మీటర్లు వదిలి మన లైనులోకి రావాలి. మన కారు పొడవు నాలుగు మీటర్లు కలిపితే 44. స్పీడులో తేడా 20, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. 44 మీటర్లకు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో మన కారు దగ్గర దగ్గర 90 మీటర్లు పోతుంది, ఎదురుగా 50లో వచ్చే బస్సు 110 మీటర్లు వస్తుంది. రెండూ కలిపి 200 మీటర్ల రోడ్డు మన కళ్ళకు ఖాళీగా కనిపించాలి, అదీ ఏ తడబాటూ లేకుండా దాటితే. ఆ ఘాట్‌లో ఎక్కుడు భాగంలో 200 మీటర్లు తిన్నగా కనిపించే చోట్లు ఎన్ని ఉన్నాయో ఈసారి పోయేటప్పుడు చూడండి.

ఇంకోవైపు లెక్క కూడా చూడండి. లారీ వెనకే పది కిలోమీటర్లు 20లో పోతే అరగంట. లారీ లేకుండా 40లో పోయినా పావుగంట. పోయేది పదిహేను నిమిషాలు. అది కూడా మొత్తం దారి ఆ లారీ వెనకే పోతే.

వెనకవాళ్ళ హారన్‌కు మీరు చేయాల్సింది ఒకటే. రోడ్డు పక్కన కాస్త వెడల్పు దొరికిన చోట ఎడమ ఇండికేటర్ వేసి పక్కకు తీసి వాళ్ళను పోనివ్వండి. వాళ్ళ తొందర వాళ్ళు చూసుకుంటారు, దాన్ని మీరు మోయాల్సిన పని లేదు.

---

కోవెలకుంట్ల_కుర్రోడు

అందరూ కార్లవాళ్ళకే బుద్ధి చెప్తారు. లారీల సంగతి ఎవరూ మాట్లాడరు. రాత్రిపూట ఆ రోడ్డు మీద ఒకసారి పోయి చూడండి. వెనక లైటు వెలగదు, మడ్డి పట్టి రిఫ్లెక్టర్ స్టిక్కర్ కనిపించదు, ఓవర్‌లోడు సరే సరి. టైరు పంక్చరైతే మలుపులోనే ఆపేసి డ్రైవర్, క్లీనర్ కింద పడుకుంటారు. మా బావమరిది రెండేళ్ళ కిందట ఇలాగే లైటు లేకుండా ఆపిన లారీ వెనక్కి గుద్దాడు. కాలు రెండుచోట్ల విరిగింది, ఏడాది మంచంలో ఉన్నాడు. బైకు కాబట్టి తల పక్కకు పోయి బతికాడు.

నాలుగు లైన్ల రోడ్డు మీదైతే ఇంకా ఘోరం. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటినప్పటినుంచి చూడండి, కుడి లైనులో యాభైలో ఒక లారీ, ఎడమ లైనులో నలభై ఐదులో ఇంకో లారీ. రెండూ పక్కపక్కనే ఐదు కిలోమీటర్లు పోతాయి. వెనక వంద కార్లు. విసుగొచ్చి ఎవడో ఎడమ మార్జిన్‌లోంచి దూరతాడు, అక్కడ బైకు మీద వచ్చేవాడు పోతాడు. దీనికి కారణం కారువాడా లారీవాడా?

---

పది_టైర్ల_బండి

అమ్మా, నేను లారీ డ్రైవర్ని. ఇరవై రెండేళ్ళుగా స్టీరింగ్ పట్టుకుంటున్నా, అందులో తొమ్మిదేళ్ళు బేతంచెర్ల నుంచి ఒంగోలు, గుంటూరు వైపు నాపరాళ్ళ లోడు మీ ఘాట్ మీదుగానే తీసుకుపోయా. నా బండి వెనక మీలాంటి వాళ్ళు ఎంతమంది ఇబ్బంది పడ్డారో నాకు అద్దంలో కనిపిస్తూనే ఉంటుంది. మాకూ ఆ వరసను వెంటేసుకుని పోవడం ఇష్టం ఉండదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

పది టైర్ల లారీకి లోడుతో కలిపి 2018 దాకా 25 టన్నులు అనుమతి ఉండేది, ఆ ఏడాది దాన్ని 28.5 టన్నులు చేశారు. ఇంజన్ 200 హార్స్ పవర్ ఉంటే టన్నుకు ఏడు వస్తుంది. మీ చిన్న కారు ఒక టన్ను, దానికి 80 ఉంటుంది. మేం ఎక్కుడులో పదిహేనులో పోతున్నామంటే బండికి ఉన్న శక్తి అంతే. ఇంకా తొక్కినా పోదు.

ఆగి సైడ్ ఇవ్వచ్చు కదా అంటారు. ఎక్కుడు మధ్యలో లోడు బండి ఆపితే మళ్ళీ ఫస్ట్ గేరులో లేపాలి. క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది, బండి కొంత వెనక్కి జారుతుంది. అప్పుడు మా వెనకాలే అతుక్కుని కారు ఉంటే మాకు కనిపించదు. మీరు చేయాల్సిన మొదటి పని అదే, ఎక్కుడులో లారీ ఆగితే కనీసం రెండు కార్ల దూరం వెనకే ఆగండి. కదులుతున్నప్పుడు ఇంకా ఎక్కువ ఉండాలి. మా వెనక అతుక్కుంటే మీకు మా తొట్టి తప్ప ఏమీ కనిపించదు. ముప్పై నలభై మీటర్లు వెనక ఉంటే రోడ్డు ఎటు తిరుగుతుందో ముందే కనిపిస్తుంది, దాటడానికి అవకాశం వస్తే స్పీడు అందుకోవడానికి చోటు కూడా ఉంటుంది. ఆ సందులోకి ఇంకో కారు దూరుతుందంటారా, దూరనివ్వండి, మళ్ళీ వెనక్కి తగ్గండి.

ఎడమకు దిగమంటారు కొందరు. తారు అంచు దాటితే మట్టి. వానాకాలం ఆ మట్టిలోకి ఎడమ టైర్లు దిగితే పాతిక టన్నులు ఒక పక్కకు ఒరుగుతాయి. నాపరాళ్ళ లోడు ఒకసారి కదిలిందంటే బండి పడిపోతుంది. అందుకని గట్టి నేల తెలిసిన చోటే సైడ్ ఇస్తాం. అలాంటి చోట్లు ఆ దారిలో తిరిగే ప్రతి డ్రైవర్‌కూ తెలుసు, అక్కడికి రాగానే ఇస్తారు. ఇవ్వనివాళ్ళు కూడా ఉన్నారు, కాదనను.

మలుపులో మాత్రం మా పక్కకు రావద్దు. పెద్ద బండి మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు బయటికి పోతాయి, వెనక టైర్లు లోపలికి కోసుకుంటూ వస్తాయి. ట్రైలర్ అయితే రోడ్డంతా కావాలి. ఆ లోపలి సందు ఖాళీగా కనిపిస్తుంది, కానీ రెండు సెకన్లలో అక్కడికి మా టైరు వస్తుంది.

ఇక దిగుడు. మీరు అడిగినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మా పెద్దలు నేర్పిన మాట, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇంజనే బండిని పట్టుకోవాలి, బ్రేకు ఊరికే తోడుగా ఉండాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్ళు ఉన్నారు. బ్రేకు తొక్కీ తొక్కీ డ్రమ్ములు వేడెక్కితే ఇక పట్టవు. మీ అద్దంలో లారీ దగ్గరకు వస్తోందంటే, లేదా బ్రేకు లైనర్లు కాలిన వాసన వస్తోందంటే ఆ లారీ ముందు ఉండొద్దు. వెడల్పు చూసి పక్కకు తప్పుకుని దాన్ని పోనివ్వండి. దిగుడులో మమ్మల్ని దాటి, వెంటనే కోతుల కోసమో ఫోటో కోసమో మా ముందు బ్రేకు వేస్తారు కొందరు. ఖాళీ బండి ఆగినట్టు లోడు బండి ఆగదు. నాకు ఇన్నేళ్ళలో కాళ్ళు చల్లబడింది ఎదురుగా వచ్చిన బండిని చూసి కాదు, ఇలా ముందుకు దూరి బ్రేకు వేసిన కార్లను చూసి.

రోడ్డు మీద పచ్చి కొమ్మలు వేసి ఉన్నాయంటే మలుపు అవతల బండి ఆగిపోయి ఉందని అర్థం. కొమ్మ కనిపించగానే స్పీడు తగ్గించండి, హారన్ కొట్టండి. కొమ్మలు దాటాక రాళ్ళు కూడా ఉంటాయి.

కోవెలకుంట్ల తమ్ముడూ, మీ బావమరిది సంగతికి నేను ఏ సాకూ చెప్పను. లైటు లేకుండా మలుపులో బండి ఆపినవాడిది తప్పే. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రిఫ్లెక్టర్ టేపు ఉండాలని రూల్ ఉంది. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజు కొత్తగా అంటిస్తారు, నెల తిరిగేసరికి మడ్డి పట్టిపోతుంది. నేను రోజూ డీజిల్ పట్టించేటప్పుడు తడిబట్టతో తుడుస్తా, రెండు నిమిషాల పని. కుడి లైను సంగతికి కూడా ఒప్పుకుంటా. ఎడమ లైనులో రాంగ్ రూట్‌లో బైకులు, ట్రాక్టర్లు, ఆటోలు వస్తుంటాయి, వాటికోసం బ్రేకు వేసిన ప్రతిసారీ మళ్ళీ గేర్లు మొదటినుంచి అందుకోవాలి, అందుకని కుడికి పోయి అక్కడే ఉండిపోతారు. కారణం అది. తప్పు కాదని అనను.

---

బుల్లెట్_నంద్యాల

అన్న చెప్పినదానికి బైకులవాళ్ళ కోసం ఒక్క మాట. లారీ ఎడమ పక్కనుంచి దూరొద్దు. క్యాబిన్ ఎత్తులో ఉంటుంది, ఎడమ తలుపు కింద ఏముందో డ్రైవర్‌కు కనిపించదు. ఇప్పుడు చాలా బండ్లకు క్లీనర్ కూడా ఉండట్లేదు, అటు తల బయటపెట్టి చూసే మనిషే లేడు. లారీ అద్దంలో డ్రైవర్ మొహం నాకు కనిపిస్తోందా అని చూసుకుంటా. కనిపించకపోతే నేను కూడా ఆయనకు కనిపించనట్టే, వెనక్కి తగ్గుతా. నాపరాళ్ళ లారీ వెనక అయితే ఇంకా దూరం, చిన్న చిన్న పెచ్చులు పడుతుంటాయి.

---

డెన్వర్_మామ

నాది మార్కాపురం, ఇప్పుడు కొలరాడోలో ఉంటున్నా. ఇక్కడ ఐ-70 హైవే కొండల మీదుగా పోతుంది. ఐసెన్‌హోవర్ సొరంగం దాటాక సిల్వర్‌థార్న్ వైపు బాగా దిగుడు. అక్కడ బ్రేకులు పట్టని ట్రక్కుల కోసం రోడ్డు పక్కనే పైకి ఎక్కే దారి ఒకటి వేసి వదులు కంకర పోశారు, ట్రక్కు అందులోకి పోతే కూరుకుపోయి ఆగుతుంది. నెమ్మదిగా పోయే ట్రక్కులు పక్క లైనులో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోతాయి, ఎవరూ హారన్ కొట్టరు. మన ఘాట్లలో అంత చోటు లేదు, ఒప్పుకుంటా. కానీ ఎక్కుడు ఉన్నచోట అక్కడక్కడా ఒక అదనపు లైను, అర కిలోమీటరు వేసినా ఈ వరసలు తగ్గుతాయి. ఊరికి వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు మీద ఇదే అనుకుంటా.

---

కోవెలకుంట్ల_కుర్రోడు

డ్రైవర్ అన్నా, మీరు తప్పును తప్పని ఒప్పుకున్నారు, నాకు అంతే కావాలి. టేపు రోజూ తుడిచే డ్రైవర్ ఉన్నాడని ఇవాళే తెలిసింది. కానీ చెకింగ్ అనేది గట్టిగా జరగాలి అనే మాట మీదే ఉన్నా. ఇంకొకటి, నేషనల్ హైవే మీద ఎక్కడైనా ఇలా లైటు లేకుండా ఆగిన బండి కనిపిస్తే 1033కి ఫోన్ చేయండి, హైవే హెల్ప్‌లైన్ అది. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు, అందిన చోట ఆగి చేయండి. ఆ రాత్రి మా బావమరిదికన్నా ముందు ఆ లారీని దాటిపోయినవాళ్ళు ఎంతోమంది ఉండుంటారు. ఒక్కరు ఫోన్ చేసి ఉంటే బాగుండేదని మా అక్క ఇప్పటికీ అంటుంది.

---

మహానంది_రోడ్డు

రూల్స్ గురించి రెండు ముక్కలు, ఎవరికైనా పనికొస్తాయి. ఇరుకు కొండ రోడ్డు మీద రెండు బండ్లు ఎదురైతే దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. అన్న చెప్పిన క్లచ్ సంగతి చదివాక దీని వెనక కారణం అర్థమవుతుంది. మధ్య గీత తెగకుండా గీసి ఉన్నచోట, మలుపు దగ్గర, ఎత్తు మీద అవతలిపక్క కనిపించని చోట ఓవర్‌టేక్ చేయకూడదు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో ఇలాంటి ఓవర్‌టేక్‌ను ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందనే పెట్టారు, మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఘాట్ మొత్తం గీత తెగకుండానే ఉంటుంది చాలామటుకు. దాన్ని ఎవరూ చూడరు, అదే బాధ.

అక్కా, లారీ వెనక నెమ్మదిగా పోయేటప్పుడు రెండో గేరులో పెట్టి క్లచ్ పూర్తిగా వదిలేయండి. సగం క్లచ్ మీద నడిపితే మీ కారు క్లచ్ కూడా కాలుతుంది. గేరు పట్టనంత నెమ్మదైతే ఒక నిమిషం ఆగి, లారీ కొంత దూరం పోయాక బయలుదేరండి.

---

గిద్దలూరు_అమ్మాయి

ఇంత ఓపికగా రాసిన అందరికీ చాలా థ్యాంక్స్. డ్రైవర్ అన్నా, మీరు రాసింది మా నాన్నకు కూడా చదివి వినిపించా.

నిన్న శనివారం మళ్ళీ పోయొచ్చా, ఏం జరిగిందో చెప్తాను. గాజులపల్లె దాటగానే సిమెంటు లారీ దొరికింది. ఈసారి బాగా వెనక ఉన్నా. ముందు కనిపించింది నిజమే, తొట్టి తప్ప ఏమీ కనిపించని నాకు మలుపులు, ఎదురొచ్చే బండ్లు అన్నీ కనిపించాయి. వెనక ఒక కారు హారన్ మొదలుపెట్టింది, వెడల్పు దొరగ్గానే పక్కకు తీసి పోనిచ్చా. ఆ కారు లారీ వెనక అతుక్కుని ఊగుతూ ఉంది, నాకు చూస్తుంటేనే భయమేసింది. గుడికి కొంచెం ముందు లారీ ఎడమకు జరిగింది, డ్రైవర్ చెయ్యి బయటపెట్టి ముందుకు ఊపాడు. నేను మాత్రం రోడ్డు చూసుకున్నా, ఖాళీగా కనిపించింది, అప్పుడు దాటాను. ఇంటికి చేరేసరికి మామూలుకన్నా పన్నెండు నిమిషాలు ఎక్కువ పట్టింది.

ఒక్క సందేహం ఉండిపోయింది అన్నా. చెయ్యి ముందుకు ఊపితే పొమ్మని, అరచెయ్యి కిందికి ఊపితే ఆగమని, అంతేనా? ఇండికేటర్‌లా ఇందులో కూడా రెండర్థాలు ఉన్నాయా?

---

పది_టైర్ల_బండి

చెయ్యికి రెండర్థాలు లేవమ్మా. అరచెయ్యి కిందికి పెట్టి ఊపితే స్పీడు తగ్గించు, ఆగు అని. ముందుకు ఊపితే రమ్మని. కానీ చెయ్యి ఊపినవాడికి మీ కారు ఎంత పికప్ తీసుకుంటుందో తెలియదు, మీరు చెయ్యి చూసి, ఆలోచించి, గేరు మార్చేసరికి ఐదారు సెకన్లు అయిపోతుంది, అప్పటికి ఎదురుగా బండి వచ్చి ఉండొచ్చు. మీరు నిన్న చేసినట్టే చేయండి. దాటాక చిన్నగా ఒక హారన్ కొడితే మాకు సంతోషంగా ఉంటుంది.

వాన మొదలైతే మాత్రం సాయంత్రం నాలుగు లోపలే ఘాట్ దాటేలా బయలుదేరండి. తొలి వానకు రోడ్డు మీద నూనె తేలుతుంది, మా బండ్లు కూడా జారతాయి.

---

గిద్దలూరు_అమ్మాయి

సరే అన్నా. వచ్చే శనివారం అమ్మను ఆసుపత్రికి నంద్యాల తీసుకురావాలి, పొద్దున ఆరింటికే గిద్దలూరులో బయలుదేరతా. ఆ టైముకు దిగువమెట్ట వైపు నుంచి లారీలు ఎక్కువుంటాయా?

---

పది_టైర్ల_బండి

ఉంటాయమ్మా, రాత్రంతా నడిపి వచ్చినవాళ్ళు తెల్లవారుజామున ఎక్కుతుంటారు. నిద్ర మీద ఉండేది కూడా ఆ టైములోనే. గీత మీదికి అటూ ఇటూ పోతున్న బండి కనిపిస్తే దాటొద్దు, వెనక ఉండి హారన్ కొట్టండి, మేలుకుంటాడు. ఏడున్నరకు బయలుదేరితే వెలుతురు బాగుంటుంది, ఆ లారీలు కూడా టీ కోసం ఆగి ఉంటాయి. అమ్మగారిని జాగ్రత్తగా తీసుకురండి.